తాళం తప్పినట్టే ఉంటుంది, తప్పదు: బిల్లీ హాలిడే పాట సంగతి

మొదటిసారి విన్నప్పుడు నాకు నచ్చలేదు, ముందే చెప్పేస్తున్నా. సంగీతం బాగా తెలిసిన ఫ్రెండ్ ఒకడు రాత్రి పదకొండింటికి బిల్లీ హాలిడే అనే అమెరికా నల్లజాతి గాయని పాట లింక్ పంపి "జాజ్‌లో ఈవిడ్ని మించిన గాయని లేదు, విను" అన్నాడు. విన్నా. గొంతు సన్నగా ఉంది, కాస్త ముక్కుతో పలికినట్టుంది, పైకి పెద్దగా వెళ్ళదు, కిందకి పెద్దగా దిగదు, ఒళ్ళు జలదరించే ఆలాపన ఒక్కటీ లేదు, పైగా బ్యాండ్ తన దారిన పరిగెత్తుకుంటూ పోతుంటే ఈవిడ తీరిగ్గా కూరగాయలు బేరమాడుకుంటూ వెనకాల నడిచొస్తున్నట్టుంది. "తాళం తప్పుతోంది కదరా" అని మెసేజ్ పెట్టా. వాడు నవ్వే ఎమోజీ ఒకటి పడేసి నిద్రపోయాడు.

ఆ నవ్వు ఎందుకో తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఎందుకంటే మన చెవికి అలవాటైన కొలతలు వేరు కదా, శ్రుతి, మూడు స్థాయిల్లో తిరిగే గొంతు, గమకం, ఊపిరి నిలపడం, ఇవన్నీ చూసి మార్కులేస్తాం. బిల్లీ హాలిడే గొంతు తిరిగేది ఒక స్థాయి, దాని మీద ఇంకాస్త, అంతే. ఆమె కాలంలోనే ఎల్లా ఫిట్జెరాల్డ్ ఉంది, సారా వాన్ ఉంది, గొంతు బలంలో వాళ్ళ పక్కన ఈవిడ నిలబడలేదు. అయినా 1958లో పెద్ద పేరున్న గాయకుడు ఫ్రాంక్ సినాట్రా లాంటివాడు తన మీద అందరికంటే ఎక్కువ ప్రభావం ఈవిడదే అని చెప్పుకున్నాడు. మరి ఏం విన్నాడు ఆయన?

దీనికి అందరూ చెప్పే రెడీమేడ్ జవాబు ఒకటుంది, "పాపం చాలా కష్టాలు పడింది, ఆ బాధంతా పాటలోకి వచ్చింది" అని. నాకు ఈ జవాబుతోనే పేచీ. కష్టాలు నిజమే, కాదనను. 1915 ఏప్రిల్ 7న ఫిలడెల్ఫియాలో పుట్టింది, అసలు పేరు ఎలినోరా ఫేగన్, పెరిగింది బాల్టిమోర్‌లో, తండ్రి క్లారెన్స్ హాలిడే గిటారిస్టు, ఇంటిపట్టున ఉన్న మనిషి కాదు, తల్లి శేడీ ఎక్కడ పని దొరికితే అక్కడికి పోయేది. పిల్లని తొమ్మిదేళ్ళకే ఒక క్యాథలిక్ సంస్కరణాలయంలో పెట్టారు. ఆ తర్వాత న్యూయార్క్ హార్లెం, 1929లో తల్లితో పాటు వ్యభిచారం కేసులో అరెస్టు, అప్పటికి వయసు పద్నాలుగు. అన్నీ నిజాలే. కానీ ఆ రోజుల్లో హార్లెంలో ఇలాంటి బతుకు బతికిన నల్లజాతి ఆడపిల్లలు వేలల్లో ఉంటారు, వాళ్ళందరూ బిల్లీ హాలిడేలు అవలేదు కదా. కష్టాన్ని చూపించి పాటని వివరించడం అంటే ఆవిడ చేసిన పనిని, పక్కా పనితనాన్ని, పక్కకి నెట్టేయడమే.

ఆ పనితనం ఏంటో తెలియాలంటే ఒక చిన్న పని చేయండి. టేబుల్ మీద వేలితో సమానంగా కొట్టండి, ఒకటి రెండు మూడు నాలుగు, మళ్ళీ ఒకటి రెండు మూడు నాలుగు. ఆ దెబ్బల మీద "నిన్న రాత్రి నువ్వు రాలేదు" అనండి, ఒక్కో మాట ఒక్కో దెబ్బ మీద కచ్చితంగా పడాలి. ఎక్కాలు అప్పజెప్పినట్టుంటుంది. ఇప్పుడు వేలు ఆపకుండా, మొదటి దెబ్బ ఖాళీగా వదిలేయండి, రెండో దెబ్బ దాటాక "నిన్నరాత్రి" అని గబుక్కున కలిపి అనేయండి, "నువ్వు" అని కాస్త ఆగండి, "రాలేదు"ని తర్వాతి వరస మొదటి దెబ్బ దాటేదాకా సాగదీసి మెల్లగా వదిలేయండి. మాటలు అవే, వేగం అదే. కానీ మొదటిసారి అది సమాచారం, రెండోసారి అది నిష్ఠూరం.

బిల్లీ హాలిడే చేసేది స్థూలంగా ఇదే. జాజ్ వాళ్ళు దీన్ని బీట్‌కి వెనక పాడటం అంటారు. వినడానికి తేలిగ్గా ఉంది గానీ ఇందులో ఒక తిరకాసు ఉంది, ఆలస్యంగా మొదలుపెట్టిన వాక్యం బ్యాండ్‌కి బాకీ పడుతుంది, ఆ బాకీ ఎక్కడో చోట తీర్చాలి, లేకపోతే పాట నిజంగానే చేజారిపోతుంది. మన కచేరీల్లోనూ ఎత్తుగడ సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, కాకుండా జరిపి తీసుకోవడం ఉంది, అతీతం అనాగతం అంటాం, కానీ అక్కడ ఎత్తుగడ ఎక్కడో ముందే ఖాయం, తాళం ప్రతి చుట్టులోనూ అక్కడే అందుకుంటారు. ఈవిడకి అలాంటి ఖాయం ఏమీ లేదు, ఒక లైన్ అర బీట్ వెనక, ఇంకో లైన్ రెండు బీట్లు వెనక, ఒకచోట బాకీని లైన్ చివర గబగబా తీర్చేస్తుంది, ఇంకోచోట తర్వాతి లైన్‌లోకి మోసుకుపోతుంది, వినేవాళ్ళకి ఇక అయిపోయింది పడిపోయింది అనిపించే చోట సరిగ్గా వచ్చి బ్యాండ్ పక్కన నిలబడుతుంది. ఆమె రికార్డులు పట్టి పట్టి కొలిచిన పరిశోధకులు చెప్పిన మాట ఒకటి నాకు బాగా నచ్చింది, ఇది ఊరికే వెనకబడటం కాదట, కింద బ్యాండ్‌ది ఒక వేగం, పైన ఈవిడది దానికంటే కాస్త నెమ్మదైన ఇంకో వేగం, రెండూ దేనికది సమంగానే నడుస్తాయట. పక్కపక్క పట్టాల మీద రెండు రైళ్ళు వెళ్తుంటే కిటికీలోంచి చూస్తే ఒకటి వెనక్కి జారుతున్నట్టు ఉంటుంది చూడండి, అలాగన్నమాట.

దీనికి అన్నిటికంటే మంచి రుజువు 1935 జులై 2న రికార్డు చేసిన "వాట్ ఎ లిటిల్ మూన్‌లైట్ కెన్ డూ". పియానో టెడ్డీ విల్సన్, క్లారినెట్ బెన్నీ గుడ్‌మన్, ట్రంపెట్ రాయ్ ఎల్డ్రిడ్జ్, టెనర్ శాక్సఫోన్ బెన్ వెబ్‌స్టర్, అందరూ ఉద్దండులు. పాట వేగం చూస్తే బస్సు తప్పిపోతుందని పరిగెత్తేవాడి గుండెలా ఉంటుంది. ముందు గుడ్‌మన్ క్లారినెట్ వాయించుకుంటూ దూసుకుపోతాడు, ఆ తర్వాత ఈవిడ వస్తుంది, ఇరవై ఏళ్ళ పిల్ల, అసలు తొందరేమీ లేదన్నట్టు పెదవులు గుండ్రంగా పెట్టి "ఊ... ఊ... ఊ..." అని మొదలుపెడుతుంది. కింద నేల పరిగెడుతోంది, పైన ఆ పిల్ల ఊయల ఊగుతోంది. ఇంకో సంగతి, ఆ పాటలో ఏడుపు లేదు. నవ్వు ఉంది, అల్లరి ఉంది, చంద్రుణ్ణి అడ్డం పెట్టుకుని కుర్రాణ్ణి ఆటపట్టించడం ఉంది. 1935 నుంచి 1938 దాకా ఆమె పాడినవాటిలో ఇలాంటి హుషారు పాటలు చాలానే ఉన్నాయి, విషాద గాయని అనే ముద్రకి ఇవి అస్సలు సరిపోవు, అందుకే కాబోలు సినిమాలు తీసేవాళ్ళు వీటి జోలికి పెద్దగా పోరు.

ఆ రికార్డులు ఎలా తయారయ్యేవో కూడా తెలిస్తే ఆవిడ పద్ధతి ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఒక రికార్డు వైపుకి మూడు నిమిషాలు. అవి ఎక్కువగా జ్యూక్‌బాక్సుల కోసం, అంటే బార్లలో చిల్లర వేస్తే పాట వచ్చే పెట్టెల కోసం, ముఖ్యంగా నల్లవాళ్ళ పేటల్లోవాటి కోసం చేసినవి. వాటిలో చాలావరకు ఆ నెల వచ్చిన మామూలు పాటలు, వచ్చే నెల ఎవరికీ గుర్తుండనివి. గాయనికి దక్కేది మధ్యలో ఒక్క విడత, ఆ ముందూ వెనకా వాద్యాలు. డబ్బు కూడా ఆ పూటకింత అని చేతిలో పెట్టేవాళ్ళు, రాయల్టీ లేదు. అంటే ఆవిడ స్టార్ కాదు, బ్యాండ్‌లో ఇంకో వాద్యం. ఆ ఒక్క విడతలోనే, అదీ పెద్దగా పస లేని పాటలో, తన ముద్ర వేయాలి.

వేసిన విధానం చూడండి. పాట రాసినవాడు స్వరాన్ని మెట్లెక్కించి దింపి మళ్ళీ ఎక్కిస్తే, ఈవిడ ఆ మెట్లన్నీ చదును చేసేసి మూడు నాలుగు స్వరాల్లో చెప్పేస్తుంది. మనవాళ్ళు కీర్తన తీసుకుని సంగతి మీద సంగతి, అంటే అదే లైన్‌ని ప్రతిసారీ కొత్తగా మలుస్తూ, వేసుకుంటూ పోతారు, ఈవిడ సంగతులు తీసేసుకుంటూ పోతుంది. గొంతుకి పరిధి లేకపోవడం కూడా ఒక కారణం అయ్యుండొచ్చు, ఇబ్బందిని పద్ధతిగా మార్చుకోవడం అన్నమాట, కానీ ఫలితం ఏంటంటే స్వరం పలచబడేకొద్దీ మాట పైకి తేలుతుంది, పాడుతోందా మాట్లాడుతోందా అన్న గీత చెరిగిపోతుంది. ఇక స్వరం చివర్లో చిన్న వణుకు, అది కూడా స్వరం మొదట్లో ఉండదు, సాగదీసిన మాట అయిపోయే ముందు వస్తుంది. ఈ రెండు విద్యల్లోనూ ఆమెకి గురువు ట్రంపెట్ వాయిస్తూ పాడే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, ఎదురుగా కూర్చుని నేర్చుకున్నది కాదు, చిన్నప్పుడు బాల్టిమోర్‌లో ఒక వేశ్యావాటికలో గ్రామఫోన్ ఉండేది, అక్కడ విని నేర్చుకున్నానని ఆమే చెప్పుకుంది. బ్లూస్ గాయని బెస్సీ స్మిత్‌ని కూడా అక్కడే విన్నదట. కాకపోతే బెస్సీ స్మిత్ మైకు లేకుండా టెంట్ చివరిదాకా వినబడేలా పాడిన మనిషి, బిల్లీ హాలిడే వచ్చేసరికి మైకు వచ్చింది, ఎదుటివాడి చెవిలో చెప్పినట్టు పాడినా హాల్ మొత్తానికి వినబడుతుంది. ఇంకో ఇరవై ఏళ్ళు ముందు పుట్టి ఉంటే ఈ గొంతు ఎవరికీ వినబడేది కాదేమో.

లెస్టర్ యంగ్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. టెనర్ శాక్సఫోన్ వాయించేవాడు, కౌంట్ బేసీ బ్యాండ్ మనిషి, ఈమెకి "లేడీ డే" అని పేరు పెట్టింది ఆయనే, ఈమె ఆయన్ని "ప్రెజ్" అనేది, ప్రెసిడెంట్‌కి పొట్టి పేరు. 1937 జనవరి 25న మొదటిసారి కలిసి రికార్డు చేశారు. అదే ఏడు జూన్‌లో చేసిన "మీ, మైసెల్ఫ్ అండ్ ఐ" ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఆమె పాడుతున్నంతసేపూ వెనక ఆయన వాయిస్తూనే ఉంటాడు. మన పాటకచేరీలో వయొలిన్ ఆయన గాయకుడి నీడలా వెంట పోతాడు కదా, లెస్టర్ అలా పోడు, ఆమె ఒక మాట అంటే ఈయన ఇంకో మాట అంటాడు, కానీ ఆమె మాటకి అడ్డం రాడు, ఊపిరి తీసుకునే ఖాళీలో దూరి బయటికొస్తాడు. బాగా తెలిసిన ఇద్దరు వంటింట్లో ఒకేసారి పని చేసుకుంటూ ఒకరికొకరు తగలకుండా తిరుగుతారే, అలా. ఆయన కూడా బీట్‌కి వెనకే, ఆయన కూడా తక్కువ స్వరాలే. ఎవరి నుంచి ఎవరు నేర్చుకున్నారన్నది తేల్చడం కష్టం, అక్కర్లేదు కూడా.

1937లో ఆమె బేసీ బ్యాండ్‌తో తిరిగింది, కానీ ఇద్దరి కంపెనీలు వేరు కావడంతో స్టూడియో రికార్డులు లేవు, రేడియోలో వచ్చిన ముక్కలు కొన్ని మిగిలాయి. 1938లో ఆర్టీ షా బ్యాండ్, అంతా తెల్లవాళ్ళు, మధ్యలో నల్ల గాయని, దక్షిణాది రాష్ట్రాల్లో టూర్, ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. దక్షిణాది దాకా ఎందుకు, న్యూయార్క్‌లోనే లింకన్ హోటల్‌లో పాడేటప్పుడు ఆమెని సామాన్ల లిఫ్టులో రమ్మన్నారు. ఆ ఏడాది చివరికి ఆ బ్యాండ్ వదిలేసింది.

వెంటనే 1938 డిసెంబర్‌లోనే న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో కఫే సొసైటీ అనే క్లబ్‌లో చేరింది, నలుపు తెలుపు తేడా లేకుండా అందరూ ఒకే చోట కూర్చునే క్లబ్ అది, నడిపేవాడు బార్నీ జోసెఫ్‌సన్. అక్కడికే ఏబెల్ మీరోపోల్ అనే స్కూల్ టీచర్ "స్ట్రేంజ్ ఫ్రూట్" పాట పట్టుకొచ్చాడు. దక్షిణాదిలో నల్లవాళ్ళని మూకలు కొట్టి చెట్లకి ఉరేసేవి, ఆ వేలాడే శవాలని చెట్టుకి కాసిన వింత పండ్లు అంటుంది పాట. కవిత 1937లోనే అచ్చయింది, బాణీ కూడా ఆయనదే. ఇక్కడ ఒక చిక్కు విప్పాలి, బాణీ కట్టడంలో తన చెయ్యి ఉందని ఆమె ఆత్మకథలో ఉంటుంది, అది నిజం కాదు. ఆ పుస్తకం 1956లో విలియం డఫ్టీ అనే జర్నలిస్టు చేత రాయించింది, అమ్మానాన్నల పెళ్ళితో మొదలవుతుంది, వాళ్ళకి అసలు పెళ్ళే కాలేదు, పుట్టిన ఊరు కూడా బాల్టిమోర్ అని ఉంటుంది. చదవడానికి భలే ఉంటుంది గానీ సాక్ష్యానికి పనికిరాదు.

ఆమె రెగ్యులర్ కంపెనీ కొలంబియా ఆ పాట రికార్డు చేయడానికి భయపడింది, ఒక్క సిట్టింగ్‌కి బయట చేసుకోమని వదిలింది, అలా 1939 ఏప్రిల్ 20న కొమడోర్ అనే చిన్న కంపెనీకి చేసింది, చేయించింది మిల్ట్ గేబ్లర్. పాట మరీ చిన్నది, రికార్డు నిండదు, అందుకని పియానో వాయించే సోనీ వైట్‌ని ముందు ఏదైనా వాయించమన్నాడట, ఆమె గొంతు వినబడేసరికి 70 సెకన్లు అవుతుంది. అవసరం కోసం చేసింది కాస్తా వినేవాడికి ఉగ్గబట్టుకుని కూర్చునే సమయం అయ్యింది. గొంతు వచ్చాక చూడండి, ఇంతసేపూ నేను చెప్పిన ఊయల, అల్లరి, జారుడు, ఏవీ లేవు, ఒక్కో మాట బల్ల మీద రాయి పెట్టినట్టు పెట్టుకుంటూ పోతుంది. ఎక్కడా అరవదు, ఏడవదు. ఆ పాటని తర్వాత చాలామంది ఏడ్చి పాడారు, ఆ రికార్డుల దగ్గర నేను ఒక నిమిషం కంటే ఎక్కువ ఉండలేకపోయా, నా అభిప్రాయం, మీరు కాదనొచ్చు. క్లబ్‌లో ఈ పాట ఎప్పుడూ చివర్లోనే, వెయిటర్లు సర్వింగ్ ఆపేయాలి, లైట్లన్నీ ఆర్పి ఆమె ముఖం మీద ఒక్క లైటు, పాట అవ్వగానే అదీ ఆరిపోతుంది, మళ్ళీ వెలిగేసరికి స్టేజి మీద ఎవరూ ఉండరు, ఎంత చప్పట్లు కొట్టినా తిరిగి రాదు.

ఇక హెరాయిన్, పోలీసులు, జైలు. 1947లో అరెస్టయింది, ఏడాది మీద ఒక రోజు శిక్ష, వెస్ట్ వర్జీనియాలో ఆల్డర్‌సన్ జైలు. 1948 మార్చి 16న బయటికొచ్చింది, పదకొండు రోజులకే న్యూయార్క్‌లో పేరున్న కచేరీ హాలు కార్నెగీ హాల్‌లో పాడితే టికెట్లన్నీ అమ్ముడయ్యాయి. మరి ఇంత గిరాకీ ఉన్న మనిషి కెరీర్ ఎందుకు చితికిపోయింది అంటే, దానికి కారణం ఒక కార్డు ముక్క. అప్పట్లో న్యూయార్క్‌లో మద్యం అమ్మే క్లబ్‌లో పాడాలంటే పోలీసులిచ్చే క్యాబరే కార్డు ఉండాలి, శిక్ష పడ్డాక అది ఆమెకి ఇవ్వలేదు. జాజ్ బతికేదే క్లబ్బుల మీద, అంటే సొంత ఊళ్ళోనే రోజువారీ కూడు పోయింది, కార్నెగీ హాల్‌లో పాడొచ్చు గానీ పక్క వీధి క్లబ్‌లో పాడకూడదు, చనిపోయేదాకా ఇదే పరిస్థితి. "స్ట్రేంజ్ ఫ్రూట్" పాడొద్దని మాదకద్రవ్యాల శాఖ పెద్ద హ్యారీ ఆన్‌స్లింగర్ హుకుం ఇచ్చాడు, వినలేదని వెంటాడాడు అనే కథ 2021లో వచ్చిన సినిమా వల్ల బాగా తిరిగింది, ఆ హుకుం సంగతికి గట్టి ఆధారం లేదంటారు కొందరు జాజ్ చరిత్రకారులు. నాకైతే ఆ విలన్ అవసరం కూడా కనబడదు, ఆ కార్డు రూలు ఒక్కటి చాలు.

యాభైల్లో గొంతు పాడైపోయింది. ఇది వినాలంటే ఒకే పాట రెండు వయసుల్లో వినడం మంచి పద్ధతి, "దీజ్ ఫూలిష్ థింగ్స్" 1936లో టెడ్డీ విల్సన్‌తో పాడింది, మళ్ళీ 1952లో ఆస్కార్ పీటర్సన్ పియానోతో పాడింది, రెండూ వెంటవెంటనే పెట్టుకోండి. రెండోదానికి గొంతు బరువెక్కింది, వేగం తగ్గింది, కానీ మాటకీ మాటకీ మధ్య ఎంత ఖాళీ వదలాలన్న లెక్క ఇంకా పదునెక్కింది. 1958 ఫిబ్రవరిలో రే ఎల్లిస్ వయొలిన్ల గుంపుతో చేసిన "లేడీ ఇన్ శాటిన్" దగ్గరికొచ్చేసరికి ఆ గొంతు నలభై రెండేళ్ళ మనిషిది అంటే నమ్మరు, చిరిగిన గుడ్డ లాగా ఉంటుంది, వెనక పట్టుపరుపు లాంటి ఆర్కెస్ట్రా. ఈ రికార్డు మీద అభిమానుల్లో రెండు పార్టీలు, ఇదే గొప్పది అనేవాళ్ళు, ఇది వినడం ఒక మనిషి పతనాన్ని తొంగిచూడటమే అనేవాళ్ళు. నేను మధ్యలో ఉన్నా. వినేటప్పుడు జాలి మాత్రం వద్దనుకుంటా, ఎందుకంటే జాలితో వింటే టైమింగ్ వినబడదు, గొంతు ఎంత పోయినా లైన్ ఎక్కడ ఎత్తుకోవాలో ఎక్కడ వదలాలో ఆ మనిషికి ఒక్కచోట కూడా తడబాటు లేదు.

ఒక్క వీడియో చూడాలంటే మాత్రం 1957 డిసెంబర్ 8న సీబీఎస్ టీవీలో లైవ్‌గా వచ్చిన "ఫైన్ అండ్ మెలో" చూడండి. "స్ట్రేంజ్ ఫ్రూట్" రికార్డుకి వెనక వైపున ఉన్నది ఇదే, ఆమె సొంతంగా రాసుకున్న పన్నెండు బార్ల బ్లూస్, అంటే నాలుగేసి దెబ్బల ముక్కలు (బార్లు) పన్నెండుతో ఒక చుట్టు పూర్తయ్యే పాట. ఆమె ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉంటుంది, చుట్టూ నిలబడినవాళ్ళు బెన్ వెబ్‌స్టర్, కోల్‌మన్ హాకిన్స్, జెరీ మల్లిగన్, రాయ్ ఎల్డ్రిడ్జ్. లెస్టర్ యంగ్ కూడా ఉన్నాడు, అప్పటికి ఆరోగ్యం బాగా దెబ్బతింది, కూర్చునే వాయించమన్నా తన వంతు రాగానే లేచి నిలబడ్డాడు. వెబ్‌స్టర్ గంభీరంగా వాయించి తప్పుకున్నాక ఈయన ఒక్క విడత, పన్నెండే బార్లు, లెక్కపెట్టుకోగలిగినన్ని స్వరాలు, ఒక్కోదాని మధ్య బోలెడంత ఖాళీ, అన్నీ బీట్‌కి వెనకే. కెమెరా అప్పుడు బిల్లీ ముఖం మీదకి వెళ్తుంది. కళ్ళు ఆయన మీదే, తల మెల్లగా ఊగుతోంది, పెదాల మీద నవ్వు వచ్చీ రానట్టుంది. 1959లో ఆయన మార్చిలో పోయాడు, ఈవిడ జులై 17న, ఆస్పత్రి మంచం మీద ఉండగానే అరెస్టు చేసి గుమ్మం దగ్గర పోలీసుల్ని పెట్టారు. కానీ ఈ క్లిప్ చూసేటప్పుడు అవేవీ నాకు గుర్తు రావు. ఆ తల ఊపు చూస్తుంటా, అది బ్యాండ్ బీట్‌తో కలవదు, లెస్టర్ వాయించేదానితో కలుస్తుంది.